నాన్న కరెంటు లెక్కలు, అమ్మమ్మ దొడ్డి దీపం

మా ఇంట్లో లైటు వేయడానికి ఒక పద్ధతి ఉండేది. గదిలో మనిషి ఉంటేనే లైటు వెలగాలి. ఆ మనిషి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళినా సరే, వెళ్తూ వెళ్తూ స్విచ్చు ఆపి వెళ్ళాలి. ఎవరైనా వస్తే వరండా లైటు వేయడం, వాళ్ళు చెప్పులు విడిచి లోపలికి రాగానే తీసేయడం. విశాఖపట్నం కంచరపాలెంలో మేం పెరిగిన ఆ మూడు గదుల ఇంట్లో ఇది మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి వచ్చేసింది. అయినా అప్పుడప్పుడూ మరిచిపోయేవాళ్ళం. వెంటనే నాన్న గొంతు వినిపించేది: "ఏమ్మా, ఇదేమన్నా పెళ్ళివారిల్లా?"

నాన్నది పోర్టులో ఉద్యోగం. ముగ్గురు పిల్లల చదువులు, ఊళ్ళో నానమ్మకి పంపే డబ్బులు, ఇంటి అప్పు. బియ్యం ఖర్చు తగ్గించలేరు, స్కూలు ఫీజు తగ్గించలేరు. గట్టిగా పట్టుకుంటే తగ్గేది కరెంటు బిల్లు ఒక్కటే, అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నారు. నాకూ ఇల్లూ ఈఎంఐలూ వచ్చాక గానీ ఆ పట్టుదల వెనక ఎంత టెన్షన్ ఉండేదో అర్థం కాలేదు.

ప్రతినెలా ఒకటో తారీఖు పొద్దున్నే మీటరు చూసి పాత డైరీలో రాసుకునేవారు. మెట్ల కింద చెక్క పలక మీద నల్లటి మీటరు. అద్దం వెనకాల అల్యూమినియం చక్రం అడ్డంగా తిరుగుతుంటుంది, దాని అంచున ఒకచోట గుర్తు. ఆ గుర్తు ఒకసారి కనబడి మళ్ళీ వచ్చేలోపు ఎంతసేపు పట్టిందో చూస్తే ఇంట్లో ఎంత కరెంటు కాలుతోందో తెలిసిపోతుంది. ఇస్త్రీ పెట్టె పెడితే గిర్రున తిరిగేది, ఒక్క బల్బే వెలుగుతుంటే నింపాదిగా కదిలేది. ఒక ఆదివారం నాన్న ఇంట్లో అన్నీ ఆపించి, ఒక్కొక్కటే వేయించి చూశారు. నేను హాల్లోంచి "వేశాను నాన్నా" అని అరవడం, ఆయన మెట్ల కింద చేతి గడియారం చూసుకుంటూ "ఆపు, ఇప్పుడు వంటింటిది వెయ్యి" అనడం. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్ అన్న సంగతి స్కూల్లో చెప్పేలోపే ఆ మెట్ల కింద నాకు వచ్చేసింది.

హాల్లో ట్యూబులైటు, మిగతా గదుల్లో 60 వాట్ల బల్బులు, వంటింట్లో 40 వాట్లది, పడకగదిలో జీరో బల్బు. జీరో బల్బుకి కరెంటు కాలదని మా వీధిలో అందరి నమ్మకం. నిజానికి అది 12 నుంచి 15 వాట్ల దాకా తీసుకుంటుంది. అంత తక్కువకి పాత మీటర్లలో చక్రం సరిగా కదిలేది కాదు, అంతే. నాన్న ఇది కనిపెట్టినా దాని జోలికి మాత్రం పోలేదు. చీకట్లో మా చిన్నది నిద్రలో లేచి ఏడ్చేది మరి.

ట్యూబులైటు మీద 40 వాట్లని రాసి ఉన్నా దాని చోక్ ఇంకో పదీ పదిహేను వాట్లు విడిగా తినేది. చలికాలం పొద్దున్నే స్విచ్చు వేస్తే టపటపా కొట్టుకుని గానీ వెలిగేది కాదు. నాన్న స్టూలెక్కి స్టార్టరు కాస్త తిప్పేవారు. అప్పటికీ వెలగకపోతే ట్యూబునే రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ జరిపేవారు. చివర్లు నల్లబడ్డాయంటే దాని పని అయిపోయినట్టే అనేవారు గానీ, నల్లబడ్డాక కూడా దాన్ని నెలల తరబడి నడిపించారు.

బల్బులంటే నాకు ఇష్టం. వాటిని బజారు నుంచి తెస్తే అట్టపెట్టెలోంచి తీసి మొదట చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాళ్ళం. చప్పుడు రాకపోతే తీగ బాగున్నట్టు. షాపతను కూడా ప్లగ్గులో పెట్టి ఒక్క క్షణం వెలిగించి చూపించి ఇచ్చేవాడు. ఇంట్లో బల్బు పోతే పారేయడమన్నది లేదు. తెగిన తీగ కొసలు ఒకదానికొకటి తగిలేదాకా చేత్తో మెల్లగా తట్టుతూ, తిప్పుతూ ఉండాలి. తగిలాక అలాగే కదలకుండా హోల్డర్లో పెట్టి స్విచ్చు వేస్తే తీగ అక్కడే అతుక్కునేది. పొడుగు తగ్గిన తీగ కాబట్టి మామూలు కన్నా ఎక్కువ వెలుగు. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, ఒక్కోసారి ఆ సాయంత్రానికే పోయేది.

ఇక ఏం చేసినా వెలగదని తేలిన బల్బు పిల్లల సొత్తు. అన్నయ్య అడుగున ఉన్న నల్లటి లక్క జాగ్రత్తగా కొట్టి, లోపలి గాజుకాడ తీసేసి, సబ్బునీళ్ళతో కడిగి, నిండా నీళ్ళు పోసేవాడు. మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండని తలుపు సందులోంచి లోపలికి కొట్టాలి. ఆ ఎండకి ఎదురుగా సినిమా రీలు ముక్క, దాని ముందు నీళ్ళ బల్బు, గోడ మీద నాన్న పంచె. రీలు తలకిందులుగా పట్టుకుంటేనే పంచె మీద హీరో నిటారుగా నిలబడతాడు. మా వీధి పిల్లలందరం ఆ చీకటి గదిలో ఉక్కపోతకి తడిసిపోతూ కూర్చునేవాళ్ళం. ఆ బొమ్మ కదలదు, మాట్లాడదు. అయినా పంచె మీద పచ్చటి చీర అంచు స్పష్టంగా కనబడినప్పుడు అందరూ ఒక్కసారి "ఓ" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత వచ్చిన ఏ బల్బుతోనూ పిల్లలు ఆ ఆట ఆడుకోలేకపోయారు. అది మాత్రం పోయింది.

ఆ బల్బు తీసుకునే కరెంటులో వెలుగుగా మారేది సుమారు 5 శాతమే, మిగతాదంతా వేడి. మే నెలలో వంటింట్లో అమ్మకి పొయ్యి సెగ చాలదన్నట్టు నెత్తి మీద ఈ బల్బు సెగ కూడా. మా అమ్మమ్మ మాత్రం ఆ వేడినే వాడుకునేది. కోడి పొదిగిన పిల్లలు చలికి ముడుచుకుపోతుంటే గంప మీద గోనె కప్పి, లోపలికి బల్బు వేలాడదీసేది. కోడిపిల్లల కోసం కాలిన కరెంటుకి మాత్రం ఆమె ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లె. వేసవి సెలవులు అక్కడే. ఆ ఊళ్ళో పొలాల మోటార్లు వేసే వేళకి ఇళ్ళలో వోల్టేజీ పడిపోయేది. ట్యూబులైటు చివర్లు రెండూ కాస్త ఎర్రబడి అక్కడే ఆగిపోయేవి. బల్బులో తీగ మాత్రమే కనబడేది, దాని చుట్టూ వెలుగుండేది కాదు. ఆ వెలుతురులోనే వంట, భోజనాలు, మా చదువులు.

ఇంటి వెనక దొడ్డి. మరుగుదొడ్డి ఆ దొడ్డి చివర, కొబ్బరి చెట్లు దాటాక. అక్కడికి లైటు లేక కాదు, తాతయ్య ఉండగానే గోడకి హోల్డరు బిగించి 60 వాట్ల బల్బు పెట్టారు. కానీ అది వేసేది కాదు అమ్మమ్మ. రాత్రి లేవాల్సి వస్తే టార్చి పట్టుకుని వెళ్ళేది, టార్చిలో బ్యాటరీ అయిపోతే ఊరికే వెళ్ళేది. వానాకాలంలో ఆ దొడ్లో తేళ్ళు తిరుగుతాయి, పాములూ కనబడేవి. అమ్మ ప్రతిసారీ పోట్లాడేది: "లైటేసుకోవే అమ్మా." "ఎలిగించి మరిసిపోతే రాత్రల్లా కాల్తాది, ఎందుకే" అనేది అమ్మమ్మ. లైటు ఉండి కూడా చీకట్లో నడిచింది ఎన్నో ఏళ్ళు. మా వరండా కూడా అంతే. నాన్న రెండో షిఫ్టు అయి రాత్రి వచ్చేసరికి చీకటిగానే ఉండేది. సందు మలుపులో స్కూటరు చప్పుడు వింటే అమ్మ లేచి వెళ్ళి లైటు వేసేది. మా ఇళ్ళలో వెలుగు తక్కువైన చోట్లన్నీ కాలు జారే చోట్లే, మెట్లూ దొడ్డీ గుమ్మమూ. మనుషులు కూర్చునే చోట వెలుగు, నడిచే చోట చీకటి. చిన్నప్పుడు ఇది తోచలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది.

సీఎఫ్ఎల్ బల్బు మా ఇంటికి వచ్చింది 2009 ప్రాంతంలో. అప్పట్లో బజార్లో దాని ధర వంద రూపాయలకి అటూ ఇటూ. పది రూపాయల బల్బు పోతేనే తట్టి తట్టి వాడుకునే ఇంట్లో వంద పెట్టి ఎవరు కొంటారు? ఆ సంవత్సరమే కేంద్రం బచత్ లాంప్ యోజన అని పెట్టింది. పాత బల్బు ఇస్తే 15 రూపాయలకే సీఎఫ్ఎల్, మిగతా ఖర్చు కార్బన్ క్రెడిట్లు అమ్మి రాబట్టుకోవడం. విశాఖలో ఆస్రాం కంపెనీ కార్బన్ క్రెడిట్ల పద్ధతిలోనే ఇళ్ళకి సీఎఫ్ఎల్ బల్బులు పంచింది. మన ఇంట్లో ఆదా అయిన కరెంటుకి ఎక్కడో విదేశాల్లో ఎవరో డబ్బు కడతారని నాన్నకి వివరించడానికి నాకు సాయంత్రమంతా పట్టింది. అంతా విని, "సరే గానీ, ఎన్ని వాట్లు?" అన్నారు.

జంతికలా మెలికలు తిరిగిన ఆ బల్బుని అమ్మ మొదట్లో నమ్మలేదు. స్విచ్చు వేయగానే మసగ్గా వెలిగి, నిండు వెలుగు రావడానికి కాస్త సమయం తీసుకునేది. వంటింట్లో పోపు వేసే తొందరలో ఉన్నవాళ్ళకి అది విసుగే. తర్వాత మేం బజార్లో కొన్న ఊరూపేరూ లేని సీఎఫ్ఎల్‌లయితే కింద ప్లాస్టిక్కు మాడి కంపు కొట్టి పోయేవి. పైగా అందులో పాదరసం ఉంటుంది. కొద్ది మిల్లీగ్రాములే గానీ, పగిలితే వెంటనే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, ముక్కల్ని చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ఎత్తి కవర్లో కట్టేయాలి. అయినా మీటరు దగ్గర తేడా తెలిసింది. 60 వాట్ల చోట పధ్నాలుగో పదిహేనో వాట్లు. నాన్న డైరీలో ఆ నెల అంకె కింద రెండు గీతలు గీశారు.

2014 అక్టోబరు. ఆ 7వ తేదీన ఫిజిక్స్ నోబెల్ ప్రకటించారు. జపాన్‌లో పుట్టిన ముగ్గురు, అకసాకి, అమానో, నకమురా, నీలం రంగు ఎల్ఈడీ తయారు చేసినందుకు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు అంతకుముందే ఉన్నాయి, నీలం మాత్రం ఎవరికీ లొంగలేదట. ఆ నీలం మీద పసుపు పూత వేస్తే తెల్లటి వెలుగు వస్తుంది. ఇప్పుడు మనందరి ఇళ్ళలో ఉన్న తెల్ల బల్బు అదే. పేపర్లో అది చదివిన వారం తిరగకుండానే, 12వ తేదీ ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది.

ఆ తుఫాను గురించి రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది. చెట్లు, స్తంభాలు, తీగలు అన్నీ నేల మీద. రోజుల తరబడి కరెంటు లేదు. కొవ్వొత్తులు దొరకలేదు, దొరికినచోట ధర చూస్తే కడుపు మండింది. మా ఇంట్లో ఉన్నది ఒక చిన్న ఎల్ఈడీ ఎమర్జెన్సీ లైటు. దాన్నే పొదుపుగా వాడాం. అమ్మ వంట చేసేటప్పుడు ఒకసారి, రాత్రి పక్కలు వేసేటప్పుడు ఒకసారి. పక్కింటి ముసలాయనకి మందులు చూసి ఇవ్వడానికి ఆ లైటే తీసుకువెళ్ళేదాన్ని. అంత చిన్న బ్యాటరీ మీద అన్ని రాత్రులు వెలిగిన ఆ తెల్లటి చుక్కల్ని చూస్తూ, ఆ ముగ్గురికీ నోబెల్ ఇవ్వడం ఎంత న్యాయమో అనుకున్నాను. మనసారా అనుకున్నాను.

తుఫాను తర్వాత నగరంలో వీధిదీపాలన్నీ మార్చారు, 90 వేలకు పైగా ఎల్ఈడీలు. కళ్ళముందు పెరిగిన పసుపుపచ్చ సోడియం దీపాల రోడ్డు ఉన్నట్టుండి తెల్లబడిపోయింది. బీచ్ రోడ్డులో ఆ పసుపు వెలుగు పోయినందుకు కొన్నాళ్ళు నాకు బెంగగా ఉండేది. కానీ రాత్రిళ్ళు ఒంటరిగా బస్సు దిగి నడిచేటప్పుడు ఎదురొచ్చే మనిషి మొహం స్పష్టంగా కనబడుతోంది. ఆడవాళ్ళకి అది ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

ఎల్ఈడీ బల్బు మాకంటే ముందు అమ్మమ్మకే వచ్చింది. అప్పట్లో రాష్ట్రంలో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, గుంటూరు, అనంతపురం జిల్లాల్లో ముందుగా మొదలుపెట్టారు. పాత 60 వాట్ల బల్బులు రెండు ఇచ్చి, ఒక్కోదానికి పది రూపాయలు కడితే, 7 వాట్ల ఎల్ఈడీలు రెండు. మామయ్య ఇరవై రూపాయలకి రెండు బల్బులు తెచ్చి ఒకటి వసారాలో, ఒకటి దొడ్లో పెట్టాడు. సంక్రాంతికి మేం వెళ్ళేసరికి వోల్టేజీ ఎప్పటిలాగే పడి ఉంది. ట్యూబులైటు అలవాటు ప్రకారం చివర్లు ఎర్రబెట్టి ఊరుకుంది. వసారాలో ఎల్ఈడీ మాత్రం నిండుగా వెలుగుతోంది. లోపలున్న సర్క్యూట్ తక్కువ వోల్టేజీలోనూ ఎల్ఈడీలకి కావలసిన కరెంటు సరిగ్గా అందిస్తుంది కాబట్టి దానికా బాధ లేదు. అమ్మమ్మ దాన్ని కిందనుంచి చూస్తూ, "పాలరంగు దీపం" అంది. కళ్ళకి కొట్టినట్టుందని కూడా అంది.

దొడ్లో లైటు మాత్రం ఆరిపోయే ఉంది. అలవాటు.

నాన్న వేడినీళ్ళ కాగు పక్కన కుర్చీ వేసుకుని, జేబులోంచి పెన్ను తీసి, పేపరు అంచు మీద లెక్క వేశారు. పాత బల్బు రాత్రంతా, పన్నెండు గంటలు, నెల రోజులు వెలిగితే 21 యూనిట్ల పైమాట. ఇది అలాగే వెలిగితే రెండున్నర. మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నారు. లేచి వెళ్ళి దొడ్డి స్విచ్చు వేసి, "అత్తయ్యా, ఇది తెల్లవార్లూ అలా ఉంచేయండి. ఆపకండి" అన్నారు.

"ఏటి బాబూ, రాత్రల్లా ఎలిగినా రెండు యూనిట్లేనా?"

"రెండున్నర. ఆపకండి."

లైటు ఆపకండి అని నాన్న నోటి వెంట రావడం మేమెవరం అంతకుముందు వినలేదు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే బయటికి వచ్చి చూసింది. ఆ తర్వాత అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ దొడ్లో దీపం పొద్దుపోయాక ఎప్పుడూ ఆరలేదు. టార్చి కిటికీలో దుమ్ముపట్టిపోయింది.

తర్వాత ధరలు పడిపోయాయి. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున ఒక్కో బల్బు 310 రూపాయలకి కొంటే, 2016కి అది 38కి దిగింది. ఉజాలా అనే పథకం కింద దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు వెళ్ళాయి. మా ఇంట్లోనూ ఒక్కొక్క గదీ మారింది. రోజుకి ఐదు గంటల చొప్పున 60 వాట్ల బల్బు నెలకి 9 యూనిట్లు తింటే, 9 వాట్ల ఎల్ఈడీ ఒకటిన్నర కూడా తినదు. ఇల్లంతా కలిపితే ఎంతో నాన్న డైరీలో ఉంది. నాకు గుర్తున్నది మాత్రం, రెండో షిఫ్టు నుంచి నాన్న వచ్చేసరికి వరండా లైటు వెలుగుతూ ఉండటం. రిటైరయ్యే ముందు కొద్ది కాలమైనా ఆయన వెలుగులోకి వచ్చారు.

అమ్మ అభ్యంతరాలు అమ్మకున్నాయి, వాటిలో నిజమూ ఉంది. పూజగదిలో తెల్ల వెలుగు పడితే అమ్మవారి ముఖంలో కళ పోయిందంది. జాకెట్టు ముక్క చీరకి మ్యాచింగ్ చూసుకుంటే లైటు కింద ఒక రంగు, వీధిలోకి వస్తే ఇంకో రంగు. పాత బల్బు కింద ఎరుపులు బాగా కనబడేవి. చవక ఎల్ఈడీల్లో ఆ ఎరుపు సరిగా రాదు, నాణ్యమైనవి కొంటే చాలావరకు వస్తుంది. డబ్బా మీద కెల్విన్‌లని రాసి ఉంటుంది. 6500 అంటే ఆ పాలరంగు, 3000 కి దగ్గరగా ఉంటే పాత బల్బు పసుపు. పూజగదికీ పడకగదికీ ఆ పసుపు రంగువి తెచ్చాక అమ్మ ఊరుకుంది. కొనేవాళ్ళు వాట్లు ఒక్కటే చూడకుండా ఈ అంకె కూడా చూస్తే మంచిది. ఇంకో లాభం, తొలకరి వానకి ఉసుళ్ళ బెడద తగ్గింది. ఒకప్పుడు ట్యూబు కింద బేసిన్‌లో నీళ్ళు పెట్టి, లైట్లన్నీ ఆపి, చీకట్లో అన్నాలు తినేవాళ్ళం.

ఎల్ఈడీ పాతికవేల గంటలు వస్తుందని డబ్బా మీద రాస్తారు గానీ, గాలాడని గ్లోబులో బిగిస్తే వేడికి లోపలి సర్క్యూట్ ముందే పోతుంది. మా మామయ్య కొడుకు సెల్‌ఫోన్ల షాపులో పోయిన బల్బులు బాగు చేస్తాడు. పైన డోమ్ తీస్తే గుండ్రటి పలక మీద ఎల్ఈడీ చుక్కలు, వాటిలో నల్లబడినది ఒకటి ఉంటుంది. దాన్ని తీసి రెండు కొసలూ కలిపి అతికితే మిగతావి మళ్ళీ వెలుగుతాయి. వాడు అలా అతికి హోల్డర్లో పెట్టి చూపించినప్పుడల్లా నాకు చాలా సంతోషమేస్తుంది.

మా అటక మీద ఒక సంచీలో కాలిపోయిన సీఎఫ్ఎల్‌లు అలాగే ఉన్నాయి. పాదరసం ఉందని తెలిసి చెత్తబండిలో వేయడానికి నాకు చేతులు రావడం లేదు. పాతసామాన్ల వాడు వాటిని తీసుకోడు. బల్బులు ఇంటింటికీ తెచ్చి పంచినప్పుడు, పోయినవాటిని తిరిగి తీసుకోవడానికి కూడా ఎవరో ఒకరు అలాగే గుమ్మం దాకా వచ్చి ఉండాల్సింది.

నాన్నకి ఇప్పుడు పోర్టు పెన్షన్, చేతినిండా తీరిక. మొన్న ఫోన్ చేసి, మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుందనీ, కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానుకి 30 చిల్లరే చాలనీ చెప్పారు. "మీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లమ్మా? రోజుకి ఎన్ని గంటలు తిరుగుతాయి?" అని అడిగారు. డైరీ పక్కనే ఉన్నట్టుంది, పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. నాలుగని చెప్పాను, గంటలు లెక్కపెడుతున్నాం ఇంకా.